తమ్ముడి ఊళ్ళో ఊడ్చేవాళ్ళు లేరు

ఆసుపత్రి మూడో అంతస్తులో ఆవిడని ఎదురుగా అందరూ "అక్కా" అనేవాళ్ళు, వెనక మాత్రం "ఫినాయిలక్క" అనేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. "అననీండి, అత్తరక్క అని ఉంటే నాకే నవ్వొచ్చేది" అనేది.

ఇరవై రెండేళ్ళు అదే అంతస్తు. చీపురు పట్టుకుని చేరింది. తర్వాత చీపుర్లు పట్టే పద్దెనిమిది మందిని చూసుకునే పని ఇచ్చారు. మొదటిదాని కంటే రెండోదే కష్టం అనేది. నేల మాట వింటుంది, మనుషులు వినరు.

అయినా ఆవిడ ఎవరి మీదా అరిచేది కాదు. షిఫ్టు మొదలవగానే వార్డు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేది. మంచాల కిందికి వంగి చూసేది. తలుపు మూలల్లో వేలితో రాసి, ఆ వేలు ఎవరికీ చూపించకుండా తన నీలం కోటుకే తుడుచుకునేది. ఆ మూల ఊడవాల్సిన మనిషి కోటు మీది మరక చూసి తలొంచుకుని వెళ్ళి మళ్ళీ ఊడ్చేవాడు. సాయంత్రానికి ఆ కోటు చూస్తే ఆ రోజు ఎవరెవరు పని ఎగ్గొట్టారో తెలిసిపోయేది.

ఇంట్లో ఆవిడా, తమ్ముడూ. అమ్మానాన్నలు పోయేనాటికి ఆవిడకి పంతొమ్మిది, వాడికి పన్నెండు. తనే వండిపెట్టి, చదివించి, పనిలో పెట్టింది. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఆవిడకొచ్చిన సంబంధాలు వీణ్ణి చూసి వెనక్కి పోయాయి, వీడికొచ్చిన సంబంధాలు ఆవిణ్ణి చూసి వెనక్కి పోయాయి. ఆ మాట తమ్ముడే చెప్పి నవ్వేవాడు. వాడు లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో సగం మేడల లిఫ్టులు వాడి చేతి మీదుగా నడిచేవి. వీళ్ళుండేది మాత్రం లిఫ్టు లేని బిల్డింగులో నాలుగో అంతస్తు. రెండు గదులు. రోజూ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చేవాడు.

రాగానే చేతులు మూడుసార్లు సబ్బుతో కడిగేవాడు. అయినా గోళ్ళల్లో గ్రీజు పోయేది కాదు. ఆ చేతులతోనే కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. ఏదో ఆట. ఎక్కడో ఎవరూ లేని నేల మీద నలుగురు మనుషులు వచ్చి పడతారట. వాళ్ళ చేత ఇళ్ళు కట్టించి, పంట పండించి, ఊరు నిలబెట్టాలట. ఆరేళ్ళు ఆడాడు. ఆ ఆరేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా తెర వైపు తొంగి చూడలేదు.

"ఇంట్లో తాగిన కప్పు కడగవు, అక్కడ మాత్రం ఊళ్ళు కడతావు" అనేది.

"అక్కడ కప్పులుండవక్కా" అనేవాడు తల తిప్పకుండా.

అంతకు మించి మాటలుండేవి కావు. పోట్లాటలూ లేవు. అన్నం పెట్టేది, తినేవాడు. ఆ గదిలో మౌస్ చప్పుడు, ఈ గదిలో టీవీ చప్పుడు. అలాగే గడిచిపోయింది.

ఒక మంగళవారం మధ్యాహ్నం పెద్ద మేడ పైకప్పు మీద, లిఫ్టు మోటారు ఉండే గదిలో, తమ్ముడు అన్నం బాక్సు మూత తీసి గోడకి జారగిలబడ్డాడు. పక్కనే ఉన్న మేస్త్రి నీళ్ళ సీసా కోసం అటు తిరిగి ఇటు తిరిగేసరికి బాక్సు ఒళ్ళో ఒరిగిపోయి ఉంది. గుండె. ఆవిడ పనిచేసే ఆసుపత్రికే తీసుకొచ్చారు. ఆవిడ పైన మాపుగుడ్డలు లెక్కపెడుతోంది. కిందికి రమ్మని కబురొచ్చింది.

కింద ఆవిడ మొదట చూసింది తమ్ముణ్ణి కాదు. స్ట్రెచర్ చక్రాలు నేల మీద గీసిన రెండు మట్టి చారల్ని. వీటినెవరూ తుడవలేదే అనుకుంది. తర్వాత తలెత్తింది. అలా అనుకున్నందుకు ఆవిడ తనని తాను చాలా రోజులు క్షమించుకోలేకపోయింది. ఎవరికైనా చెప్పుకుంటే కాస్త తేలికపడేదేమో. చెప్పడానికి ఎవరున్నారు?

వచ్చినవాళ్ళు వచ్చారు, వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. ఆవిడ వారం తిరక్కుండానే డ్యూటీలో చేరింది. పని ఉన్నంతసేపూ బాగానే ఉండేది. ఇంటికొచ్చి తాళం తీసేటప్పుడే ప్రాణం ఉసూరుమనేది. పొద్దున ఎక్కడ పెట్టిన వస్తువు సాయంత్రం అక్కడే ఉండేది. ఇల్లు ఇంత శుభ్రంగా ఉండాలనే కదా ఇన్నేళ్ళూ వాడి ప్రాణం తీసింది. ఇప్పుడు ఉంది.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున వాడి గది దులపడానికి వెళ్ళింది. బల్ల తుడుస్తుంటే చెయ్యి తగిలి మౌస్ కదిలింది. తెర వెలిగింది. వాడు పోయిన రోజు నుంచీ ఆ కంప్యూటర్ నిద్రలోనే ఉంది కానీ, దాన్ని ఎవరూ ఆపలేదు. పైనుంచి చూస్తున్నట్టు ఒక ఊరు. చెక్క ఇళ్ళు, చుట్టూ చేలు, ఒక పెద్ద వంటిల్లు, గోదాము, ఆరు మంచాల ఆసుపత్రి. పదకొండు మంది మనుషులు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి ఉన్నారు.

ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరికి వంగింది. వంటింటి నిండా మెతుకులు, తొక్కలు. వసారా అంతా బురద అడుగులు. ఆసుపత్రి గదిలో, మంచాల మధ్య, ఎండిపోయిన నెత్తురు.

"ఛీ ఛీ! ఏంట్రా ఇది!" అంది పైకే. తర్వాత గుడ్డ బల్ల మీద పెట్టి వాడి కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆ రోజు దులపడం పూర్తి కాలేదు. ఏదో మీట నొక్కితే ఊరు కదిలింది. మనుషులు ఎవరి పనుల మీద వాళ్ళు బయల్దేరారు. ఇప్పుడు ఊడుస్తారు, ఇప్పుడు ఊడుస్తారు అని చూసింది. ఒకడు దుంగ భుజాన వేసుకుని ఆసుపత్రి గదిలోంచి అడ్డంగా, నెత్తురు తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. వాడి మీద నొక్కి, నేల మీద నొక్కితే "ఇది ఊడ్చు" అన్న అర్థం వచ్చే మాట పడింది. వాడు ఆ ఒక్క మరకా తుడిచి మళ్ళీ దుంగెత్తుకున్నాడు. పక్క మరక వాడికి కనపడలేదు. అలా ఒక్కొక్కరి మీద నొక్కుతూ, ఒక్కొక్క మరకా చూపిస్తూ మధ్యాహ్నం దాకా కూర్చుంది. లేచేసరికి నడుం పట్టేసింది.

"ఇది నేను ఊడ్చినట్టే గానీ వీళ్ళు ఊడ్చినట్టు కాదు" అనుకుంది.

అప్పట్నుంచి డ్యూటీ నుంచి వచ్చి, టీ కలుపుకుని, ఆ కుర్చీలో ఓ గంట కూర్చోవడం అలవాటైంది. ఆటలో మాటలు ఇంగ్లీషువి. వార్డు బోర్డులు చదివి చదివి వచ్చిన ఇంగ్లీషు ముప్పాతిక వంతు సరిపోయింది. నాలుగో రోజున పనుల పట్టిక దొరికింది. నిలువునా మనుషుల పేర్లు, అడ్డంగా పనులు. వైద్యం, వంట, వేట, ఇళ్ళు కట్టడం, చేను పని, మోతపని, అలా పోయి పోయి కుడి చివర ఊడ్చే పని. దాదాపు అందరికీ ఊడ్చే గడిలో టిక్కు ఉంది. మరి ఊడవరేం? రెండు రోజులు గమనిస్తే అర్థమైంది. వీళ్ళు ఎడమ నుంచి చూసుకుంటూ వస్తారు. మొదటి పని లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. ఊరన్నాక కట్టేదో మోసేదో ఎప్పుడూ ఉంటుంది. చివరి గడి దాకా ఎవరూ రారు. ఊడవొద్దని ఎవరికీ ఎవరూ చెప్పలేదు, ఊడ్చే వంతు మాత్రం ఎవరికీ రాదు.

"మా మూడో అంతస్తే" అంది. తెలిసినవాళ్ళు కనిపించినట్టయింది.

ఆ పట్టికలోనే అడుగున ఒక వరస మొత్తం ఖాళీగా కనపడింది. ఒక్క టిక్కు కూడా లేదు. పేరు చూసింది. "అక్క".

మిగతా పదిమందికీ ఆట పెట్టిన పేర్లే, నోరు తిరగనివి. ఈ ఒక్కటే వాడు మార్చాడు. ఎక్కడుందా అని వెతికితే తూర్పు గదిలో, కిటికీ పక్కన, కుర్చీలో కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు బొమ్మ. ఊరంతా చెమటోడుస్తుంటే ఆవిడగారు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

ఆవిడకి ప్రాణం చివుక్కుమంది. ఇంతకాలం వాడి దృష్టిలో తను ఇదన్నమాట! ఏ పనీ చెప్పకూడని మనిషి. చెబితే నోరు చేసుకుంటుందని ఓ మూల కూర్చోబెట్టాడు. "నీకు పన్నెండేళ్ళప్పట్నుంచి నీ ఎంగిలి కంచం ఎత్తినదాన్నిరా నేను" అంది తెరతో. ఆ విసురులోనే అక్క వరసలో ఊడ్చే గడిలో, అన్నిటికన్నా ముందు ఇదే అన్నట్టు, ఒకటో అంకె కొట్టింది.

అక్క కుర్చీలోంచి లేచింది. చీపురందుకుంది. మూడు సాయంత్రాల్లో ఊరు ఊరంతా అద్దంలా తయారైంది. వంటిల్లు, వసారా, గోదాము, అటు తనంతట పోకపోతే ఒక్కో మరకా నొక్కి చూపించి ఆసుపత్రి. ఒకచోట పూర్తవగానే ఇంకోచోటికి, అక్కణ్ణించి మళ్ళీ మొదటికి. చూసుకుని మురిసిపోయింది. అదీ పనంటే!

నాలుగో సాయంత్రం తెర మీద ఎర్ర అక్షరాలతో ఏదో వచ్చింది. అక్క చీపురు వదిలేసి, వానలో, చేలు దాటి వెళ్ళిపోతోంది. పిలిస్తే పలకదు. నొక్కితే కదలదు. ఏమైందో చూద్దామని ఆ బొమ్మ మీద నొక్కితే దాని మనసులో ఏముందో వరసగా పడింది. ఒళ్ళు అలిసిపోయింది. నిలబడే తింటోంది. తన గదిలో కూర్చుని చాలా రోజులైంది. ఎవరితోనైనా మాట్లాడి నాలుగు రోజులైంది.

ఆ చివరి మాట ఆవిడ రెండుసార్లు చదివింది. తను ఎవరితో మాట్లాడి ఎన్ని రోజులైందా అని లెక్కేసింది. ఆసుపత్రిలో మాట్లాడేవి లెక్కలోకి రావనుకుంటే, లెక్క అందలేదు. ఆట అక్కడే ఆపేసి, టీ తాగకుండానే పడుకుంది.

ఆ వారంలోనే మేస్త్రి వచ్చాడు. తమ్ముడి కన్నా పదేళ్ళు పెద్ద, వాడికి పని నేర్పినవాడు. తమ్ముడి పనిముట్ల సంచీ ఇచ్చిపోదామని నాలుగంతస్తులూ ఎక్కి, గుమ్మంలో నిలబడి రొప్పుతున్నాడు.

"కూర్చోండి మేస్త్రి గారూ. మంచినీళ్ళిస్తాను."

"లిఫ్టు పెట్టించమ్మా తల్లీ ఈ కొంపకి" అని నవ్వబోయి, నవ్వు మధ్యలో ఆపేశాడు. తర్వాత తలుపు తీసున్న గదిలో తెర చూసి లేచి వెళ్ళాడు. "ఇదేనా ఆ ఊరు?"

"మీకూ తెలుసా?"

"తెలియకపోవడమేంటమ్మా! బాక్సు మూత తీశాడంటే ఇదే కబురు. 'ఊరంతా కంపు కొడుతోంది మేస్త్రీ, ఒక్కడూ ఊడవడు' అని ఒకటే గోల. 'మీ అక్కని అడగరాదూ, ఆవిడ పనే అది కదా' అన్నానొకసారి."

"ఏమన్నాడు?"

"'అడిగితే ఎలా చెయ్యాలో చెప్పదు మేస్త్రీ, నన్ను లేపేసి తనే కూర్చుని చేసేస్తుంది. బయట చేసేది చాలదా' అన్నాడు. నీ పేరుతో ఓ బొమ్మ పెట్టాడంట కదా. దానికి పని పెట్టననేవాడు. కిటికీ ఉన్న గదిచ్చాడంట."

"ఈ ముక్క నాతో అనొచ్చు కదా" అంది ఆవిడ తెర వైపు చూస్తూ.

"నువ్వైనా ఏం చేస్తున్నావురా అని ఒక్కసారి అడగొచ్చు కదమ్మా" అనేసి, అన్నందుకు నాలిక కరుచుకున్నాడు. "నా నోరు పడ, ఏదో అనేశాను."

"అన్నారు, నిజమే అన్నారు" అందావిడ. ఆయన వెళ్తుంటే మెట్ల దాకా వచ్చింది. ఆయన ఒక్కో మెట్టూ దిగుతున్న చప్పుడు ఆగిపోయేదాకా కటకటాలు పట్టుకుని నిలబడింది.

ఆ తర్వాత ఆవిడ చేసిన మొదటి పని, అక్క వరసలో ఆ ఒకటో అంకె తీసెయ్యడం. బొమ్మ వానలోంచి తిరిగొచ్చి, తడిబట్టలతోనే కుర్చీలో కూలబడింది.

ఇప్పుడు మళ్ళీ ఊళ్ళో ఊడ్చేవాళ్ళు లేరు. అక్క చేత చేయించడం సుళువు. తనే చేసుకోవడం ఇంకా సుళువు. చెయ్యనివాళ్ళ చేత చేయించడమే కదా తను జీతం తీసుకునే పని! అది ఇక్కడ ఎందుకు మర్చిపోయిందో ఆవిడకే తెలియలేదు. షిఫ్టు మొదట్లో నడిచినట్టు ఊరంతా నిదానంగా చూసుకుంటూ వెళ్ళింది. చెత్తని చూడలేదు ఈసారి, చెత్త ఎటునుంచి వస్తోందో చూసింది. కాళ్ళతో వస్తోంది. చేలోంచి గోదాముకి దగ్గర దారి ఆసుపత్రి గది మీదుగా పోతోంది. మోతగాళ్ళంతా బురద కాళ్ళతో అటే పడుతున్నారు. ఆ గదికి చేల వైపున్న తలుపు ఊడపీకించి, అక్కడ గోడ కట్టించింది. గోదాముకి రెండో పక్క తలుపు పెట్టించింది. సగం మట్టి ఆ రోజే ఆగింది.

తర్వాత ఇంకోటి బయటపడింది. ఎక్కడి దాకా ఊడవాలో గీత గీసి చూపిస్తేనే వాళ్ళు ఊడుస్తారు. తమ్ముడు ఆసుపత్రి కొత్తగా కట్టాడు గానీ గీత అక్కడిదాకా జరపడం మర్చిపోయాడు. పాపం వాళ్ళనేం అనాలి? వాళ్ళ లెక్కలో ఆ గది ఊళ్ళోనే లేదు. గీత జరిపింది. మోతపనికి ఐదుగురుంటే ఇద్దరిని తప్పించి వాళ్ళకి ఊడ్చే పని ముందు పెట్టింది. అందులో ఒకడు రాత్రంతా వేటాడి వచ్చి పగలు తూగేవాడని తెలిసి, వాణ్ణి మార్చి ఇంకొకడిని వేసింది. వంటమనిషి వండాక తన చోటు తనే ఊడ్చుకునేలా అంకెలు సర్దింది. రెండు వారాలు పట్టింది. ఇదివరకటిలా మిలమిల మెరవలేదు. వసారాలో ఎప్పుడూ నాలుగు అడుగులు ఉండేవి. ఆవిడ వాటిని ఉండనిచ్చింది.

ఒక సాయంత్రం చూస్తే ఆసుపత్రి గదిలో ఒక్క మరక లేదు. ఆ ఇద్దరూ ఎవరూ చెప్పకుండానే వచ్చి, ఊడ్చి, వెళ్ళిపోతున్నారు. ఆవిడ చటుక్కున పక్కకి తిరిగింది, చూశావా అనబోయి. పక్కన బట్టల బీరువా ఉంది.

ఆ ఏడాది ఆవిడ ఉద్యోగంలో చేరాక మొదటిసారి వారం రోజులు సెలవు పెట్టింది. "ఎక్కడికక్కా?" అని పద్దెనిమిది మందీ అడిగారు. "ఎక్కడికీ లేదు, కూర్చుంటాను" అంటే పగలబడి నవ్వారు. నిజంగానే ఎక్కడికీ వెళ్ళలేదు. రెండో రోజుకే ఏమీ తోచలేదు. కుర్చీ జరుపుకుని కిటికీ పక్కన కూర్చుంది. ఎదురు మేడలో ఎవరో దుప్పట్లు ఆరేస్తున్నారు. అంత దగ్గర్లో ఆ మనిషి ఉన్నట్టు ఆవిడకి ఇన్నేళ్ళూ తెలియదు. చెయ్యి ఊపాలో వద్దో తేల్చుకునేలోగా ఆ మనిషి లోపలికి వెళ్ళిపోయింది. సెలవు అయ్యేదాకా ఆవిడ రోజూ అదే వేళకి కూర్చుంది. ఐదో రోజున ఆ మనిషే తలూపింది. అంతే. మాటలు కలవలేదు. ఇద్దరి మధ్యా వీధి ఉంది.

మూడేళ్ళకి రిటైరైంది. ఒక ప్లాస్టిక్ గడియారం ఇచ్చారు. కొత్త సూపర్వైజరు బాగా అరుస్తాడని తర్వాత ఎవరో చెప్పారు.

ఇప్పుడు ఆ ఊళ్ళో ఇరవై ఆరుగురున్నారు. మొన్నామధ్య ఒక మధ్యాహ్నం, చలికి వణుకుతూ ఒక కొత్త మనిషి ఊరి బయట నిలబడ్డాడని, రానిస్తావా అని ఆట అడిగింది. రానిచ్చింది. వాడికి ఏమేం వచ్చో చూసింది. వంట రాదు, వైద్యం రాదు. ఊడ్చే గడిలో ఏకంగా అడ్డగీత. ఆ పని జన్మలో చెయ్యనని రాసిపెట్టుకుని వచ్చాడు.

ఎవరితోనైనా చెప్పాలనిపించింది. మేస్త్రికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఫోన్ పక్కన పెట్టి టీ కలుపుకుంటుంటే ఆయనే చేశాడు.

"ఏమ్మా, ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. ఊళ్ళోకి కొత్త మనిషి వచ్చాడు మేస్త్రి గారూ."

అవతల సుత్తి చప్పుడు ఆగింది. "ఊడుస్తాడా?" అన్నాడు.

"ఊడవడట. చచ్చినా ఊడవడట."

"మరేం చేస్తావు?"

"ఏం చేస్తాను, ఉండనిస్తాను. చలికాలం కదా."

"మంచి పని" అన్నాడాయన. "ఉంటానమ్మా, పని మీదున్నాను."

ఫోన్ పెట్టేశాక ఆవిడ టీ తీసుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. కొత్తవాడికి మంచం లేదు. పొద్దుగూకేలోగా చేయించాలి. వడ్రంగి ఎక్కడున్నాడో వెతకడం మొదలుపెట్టింది.